నోడులో నడుస్తున్న పనుల జాబితా: ‘ప్రస్తుత స్థితి’ చెప్పేదెంత?

వ్యాస సంగ్రహం

కంటైనర్ల సమూహంలోని ఒక నోడు మీద ఏయే పనులు నడుస్తున్నాయో తెలుసుకోవడానికి డాకర్ స్వార్మ్ వ్యవస్థలో ‘డాకర్ నోడ్ పీఎస్’ అనే ఆదేశం ఉన్నది. అది చూపే జాబితాలో ‘కోరిన స్థితి’, ‘ప్రస్తుత స్థితి’ అనే రెండు నిలువులు కనబడతాయి. రెండవ నిలువు ఆ క్షణంలోని వాస్తవాన్ని చూపుతుందనే భావన సర్వసాధారణం. అది వాస్తవం కాదనీ, నిర్వాహక యంత్రానికి చివరిసారి అందిన సమాచారం మాత్రమేననీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో ఒక్కొక్క యంత్రం ఉన్నట్లు కల్పించుకొన్న సమూహాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ జాబితాను చదివే పద్ధతిని వివరిస్తుంది. ‘ప్రస్తుత స్థితి’ అనే అనువాదం తగినదేనా అన్న పారిభాషిక చర్చ కూడా ఇందులో ఉన్నది.

కీలక పదాలు: కంటైనర్, నోడు, పని, సేవ, డాకర్ స్వార్మ్, కోరిన స్థితి, పారిభాషిక పదాలు, డిజిటల్ భాండాగారం.

1. ఉపోద్ఘాతం

పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథం నేడు అట్టకట్టిన ప్రతిగా ఎంత ఉన్నదో, సర్వరులో దస్త్రంగానూ అంతే ఉన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో పిహెచ్.డి. నిబంధనలను ప్రకటించినప్పుడు ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పణను అందులో చేర్చింది. ఆ ప్రతులను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధ్‌గంగ’లో భద్రపరుస్తున్నది. అంతర్జాల పత్రికలకు పంపే వ్యాసాలు, కళాశాలల గ్రంథాలయ సూచికలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు అన్నీ ఎక్కడో ఒక యంత్రం నడుస్తున్నంతకాలమే పాఠకుడికి అందుతాయి. కనుక ‘అది నడుస్తున్నదా?’ అనే ప్రశ్న సాంకేతిక సిబ్బందికి మాత్రమే సంబంధించినది కాదు. సమర్పణ గడువు ముగిసే రోజున ఆ ప్రశ్న పరిశోధకుడిదే అవుతుంది.

ఒకే పెద్ద యంత్రం మీద ఆధారపడకుండా, రెండు మూడు చిన్న యంత్రాలను జతచేసి ఒక సమూహంగా నడిపే పద్ధతి గత దశాబ్దంలో బాగా వ్యాపించింది. 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ డాకర్‌ను తొలిసారి బహిరంగంగా ప్రదర్శించాడు. 2014లో గూగుల్ కుబర్నెటీస్‌ను ప్రకటించింది. 2016 వేసవిలో వెలువడిన డాకర్ 1.12 సంచికతో సమూహ నిర్వహణ డాకర్‌లోనే అంతర్భాగమైంది. దానికే స్వార్మ్ మోడ్ అని పేరు. పెద్ద సంస్థలు కుబర్నెటీస్ వైపు మొగ్గినా, ఒక అధ్యాపకుడు, ఒక సహాయకుడు కలిసి సంభాళించవలసిన చిన్న ఏర్పాటుకు స్వార్మ్ ఈనాటికీ తగినదే. నేర్చుకోవలసినది తక్కువ, బోధనకు మరీ అనుకూలం.

వివరణ సౌలభ్యం కోసం ఇక్కడ ఒక కల్పిత సమూహాన్ని ఏర్పరచుకోవలసి ఉన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోని మూడు కళాశాలలు కలిసి ఒక సిద్ధాంత గ్రంథ భాండాగారాన్ని నడుపుతున్నాయని, ఒక్కొక్క కళాశాల కంప్యూటరు గదిలో ఒక్కొక్క యంత్రం ఉన్నదని అనుకోవాలి. మూడూ పూర్వపు నల్లగొండ జిల్లా పట్టణాలే. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట కొత్త జిల్లా కాగా కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ 65వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ ఆ దారికి దక్షిణాన, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్నది. దూరాలు పెద్దవి కావు. అయినా మూడు ఊళ్ళకూ విద్యుత్తు ఒకేసారి పోదు, అంతర్జాల తీగ ఒకేచోట తెగదు. ఉదాహరణకు కావలసినది ఆ మాత్రం ఎడమే.

2. కంటైనర్, సేవ, పని

కంటైనర్ అనే మాట ఓడరేవుల నుండి వచ్చింది. 1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్లీన్ ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడలో సరుకును ఒకే కొలత గల పెట్టెలలో పంపిన తరువాత, పెట్టెలో ఏమున్నదో రేవులోని క్రేనుకు తెలియనక్కరలేకుండా పోయింది. సాఫ్ట్‌వేర్ కంటైనర్‌లోనూ అదే సౌకర్యం. ఒక కార్యక్రమాన్ని, అది నడవడానికి కావలసిన ఉపకరణాలన్నిటితో కలిపి ఒక అచ్చుగా తయారు చేస్తారు. ఆ అచ్చును ‘ఇమేజ్’ అంటారు. అచ్చు నుండి పుట్టి, యంత్రం మీద నిజంగా నడిచేది కంటైనర్. అది పూర్తి కంప్యూటరును అనుకరించదు. ఆతిథ్యమిచ్చిన యంత్రపు లినక్స్ కెర్నెల్‌నే వాడుకుంటూ, తనకు కేటాయించిన గోడల మధ్య ఉంటుంది.

సమూహంలోని ప్రతి యంత్రమూ ఒక నోడు. నోడులలో కొన్ని నిర్వాహకులు, కొన్ని శ్రామికులు. నిర్వాహక నోడులు సమూహ వృత్తాంతాన్ని ఒకే తీరుగా నమోదు చేసుకోవడానికి ‘రాఫ్ట్’ అనే ఏకాభిప్రాయ పద్ధతిని వాడతాయి. డియెగో ఓంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ప్రచురించిన పత్రం దీనికి మూలం. నిర్వాహకులు ముగ్గురైతే ఏ నిర్ణయానికైనా ఇద్దరి సమ్మతి చాలు. కనుక ఒకరు కనబడకపోయినా పని సాగుతుంది, ఇద్దరు కనబడకపోతే నిర్ణయాలు ఆగుతాయి. ఇక్కడి ఉదాహరణలో మూడు నోడులూ నిర్వాహకులే, శ్రామికులూ అవే. చిన్న సమూహాలలో ఇది పరిపాటి.

ఈ భాండాగారంలో మూడు సేవలు ఉన్నాయనుకోవాలి. పాఠకుడికి కనబడే పుటలను అందించే ‘ముంగిలి’కి మూడు ప్రతులు. గ్రంథాల వివరాలను, సమర్పణ తేదీలను భద్రపరిచే ‘పత్రాలు’ అనే దత్తాంశ నిధికి ఒకే ప్రతి. వెతికిపెట్టే ‘వెతుకు’ సేవకు రెండు ప్రతులు. (సేవల పేర్లను, యంత్రాల పేర్లను రోమన్ లిపిలోనే ఇవ్వాలి; ఇక్కడ తెలుగులో రాయడం చదువరి సౌకర్యం కోసమే.) ‘ముంగిలికి మూడు ప్రతులు ఉండాలి’ అన్న ఆజ్ఞ సేవ. ఆ ఆజ్ఞను నెరవేర్చడానికి నిర్వాహకుడు పుట్టించే ఒక్కొక్క నియామకం ‘పని’, అనగా టాస్క్.

పనికీ కంటైనర్‌కూ ఉన్న భేదాన్ని చాలా పాఠ్యగ్రంథాలు ఒక వాక్యంతో దాటవేస్తాయి. జాబితాను చదవడంలో వచ్చే పొరపాట్లలో సగం అక్కడే మొదలవుతాయి. కంటైనర్ యంత్రం మీద ఉండే వస్తువు. పని నిర్వాహకుడి నమోదులో ఉండే ఒక పద్దు. ఆ పద్దులో ఏ సేవకు చెందినదీ, ఎన్నవ స్థానానిదీ, ఏ నోడుకు అప్పగించినదీ, దాని గతి ఏమైనదీ ఉంటాయి. పని ఒకసారి ఒక నోడుకు కేటాయించబడితే మరొక నోడుకు మారదు. దాని స్థితి ముందుకే సాగుతుంది: కొత్తది, ఎదురుచూపులో ఉన్నది, కేటాయించినది, అంగీకరించినది, సిద్ధపడుతున్నది, మొదలవుతున్నది, నడుస్తున్నది, ఆ తరువాత ముగిసినది లేదా విఫలమైనది లేదా ఆపివేయబడినది. వెనక్కి రావడం లేదు. విఫలమైన పనిని స్వార్మ్ బాగుచేయదు. దాన్ని అలాగే వదిలి, అదే స్థానంలో కొత్త గుర్తింపు సంఖ్యతో మరొక పనిని పుట్టిస్తుంది. ‘పునఃప్రారంభమైంది’ అని వాడుకలో అనేది నిజానికి పునర్జన్మ.

3. ఆదేశం, దాని నిలువులు

ఆదేశ పంక్తిలో డాకర్, నోడ్, పీఎస్ అనే మూడు మాటలను రోమన్ చిన్న అక్షరాలతో, మధ్యమధ్య ఖాళీ విడిచి టైపు చేయాలి. పీఎస్ అంటే ‘ప్రాసెస్ స్టేటస్’. యూనిక్స్ తొలినాళ్ళ నుండి నడుస్తున్న ప్రక్రియల జాబితాకు అదే పేరు. ఆదేశం చివర నోడు పేరు ఇవ్వకపోతే, టైపు చేస్తున్న యంత్రాన్నే అది నోడుగా గ్రహిస్తుంది; ‘సెల్ఫ్’ అని రాసినా అదే ఫలితం. సూర్యాపేటలో కూర్చుని కోదాడ నోడు పేరిస్తే కోదాడకు అప్పగించిన పనులు కనబడతాయి. ఒకటికి మించి పేర్లు కూడా ఇవ్వవచ్చు.

దీన్ని నిర్వాహక నోడు మీద మాత్రమే వాడగలం. శ్రామిక నోడు మీద టైపు చేస్తే, ఇది నిర్వాహక నోడు కాదంటూ తిరస్కారం ఎదురవుతుంది. ఈ నియమం చాదస్తంగా తోచవచ్చు: యంత్రం మీద ఏమి నడుస్తున్నదో ఆ యంత్రాన్నే అడగకూడదా? అడగవచ్చు, అందుకు ‘డాకర్ పీఎస్’ అనే వేరే ఆదేశం ఉన్నది. అది ఆ యంత్రంలోని కంటైనర్లను స్వయంగా చూసి చెబుతుంది. సమూహంతో దానికి నిమిత్తం లేదు. ‘డాకర్ నోడ్ పీఎస్’ యంత్రాన్ని చూడదు, నిర్వాహకుడి పద్దు పుస్తకాన్ని చూస్తుంది. రెండింటి పేర్లలో తేడా ఒక్క మాటే కావడం వల్ల ఇవి ఒకదానికొకటి సంక్షిప్త రూపాలన్న భ్రమ కలుగుతుంది.

జాబితాలోని నిలువులు వరుసగా గుర్తింపు సంఖ్య, పేరు, అచ్చు, నోడు, కోరిన స్థితి, ప్రస్తుత స్థితి, లోపం, పోర్టులు. పేరు ‘ముంగిలి.1’, ‘ముంగిలి.2’ అనే తీరులో ఉంటుంది. చుక్క తరువాతి అంకె స్థాన సంఖ్య. అదే స్థానంలో గతించిన పనులు కూడా ఉంటే, వాటి పేరుకు ముందు వెనుకకు వాలిన గీత, అడుగుగీత చేర్చి పూర్వీకులుగా చూపుతుంది. స్వార్మ్ సాధారణంగా ఒక్కొక్క స్థానానికి 5 పనుల చరిత్రను నిలుపుకుంటుంది. ఈ పరిమితిని సమూహం స్థాయిలో మార్చుకోవచ్చు.

నోడు మీద ‘నడుస్తున్న’ పనులను చూపడమే ఈ ఆదేశం ఉద్దేశమని అధికారిక వివరణ చెబుతున్నా, అది ఆగిపోయిన పనులనూ చూపుతుంది. వాటిని తొలగించి చూడాలంటే ‘ఫిల్టర్’ అనే ఎంపికలో కోరిన స్థితి రన్నింగ్‌గా ఉన్నవే కావాలని అడగాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసిన అవసరం ఉన్నది. ఈ జల్లెడ పేరును బట్టి, గుర్తింపును బట్టి, లేబుల్‌ను బట్టి, కోరిన స్థితిని బట్టి వడకడుతుంది. ప్రస్తుత స్థితిని బట్టి వడకట్టే సదుపాయం దానికి లేదు. అంటే ‘నడుస్తున్నవి మాత్రమే చూపు’ అని అడిగినట్లు అనిపించినా, అడిగినది ‘నడవాలని నిర్వాహకుడు కోరుకుంటున్నవి మాత్రమే చూపు’ అనే.

4. కోదాడకు దారి తెగినప్పుడు

ఒక ఉదయం కోదాడ కళాశాలకు అంతర్జాల సంబంధం తెగిందనుకోవాలి. విద్యుత్తు ఉన్నది, యంత్రం నడుస్తూనే ఉన్నది. బయటి ప్రపంచంతో మాట మాత్రం లేదు. ప్రతి నోడు తాను క్షేమంగా ఉన్నట్లు నిర్వాహకుడికి నాడి సంకేతం పంపుతుంది. సాధారణ వ్యవధి 5 సెకన్లు. మూడు వ్యవధుల కాలం, అంటే సుమారు 15 సెకన్లు, సంకేతం రాకపోతే నాయక నోడు ఆ యంత్రాన్ని ‘డౌన్’గా నమోదు చేస్తుంది. సూర్యాపేట నాయక స్థానంలో ఉన్నదనుకుంటే, కోదాడలో ఉన్న ‘ముంగిలి.2’, ‘పత్రాలు.1’ పనులకు బదులుగా అది తన వద్దనో మిర్యాలగూడలోనో కొత్త పనులను పుట్టిస్తుంది. పాత పనుల పద్దులో కోరిన స్థితిని ‘షట్‌డౌన్’గా మారుస్తుంది.

మూడు గంటల తరువాత సూర్యాపేటలో కోదాడ నోడు జాబితాను అడిగితే కనబడేది ఈ విధంగా ఉంటుంది:

ముంగిలి.2 — నోడు: కోదాడ — కోరిన స్థితి: షట్‌డౌన్ — ప్రస్తుత స్థితి: రన్నింగ్, 9 రోజుల క్రితం
పత్రాలు.1 — నోడు: కోదాడ — కోరిన స్థితి: షట్‌డౌన్ — ప్రస్తుత స్థితి: రన్నింగ్, 9 రోజుల క్రితం

చూసినవారు దీన్ని రెండు విధాలుగా అపార్థం చేసుకోగలరు. ‘రన్నింగ్’ అన్న మాటను పట్టుకొని కోదాడ యంత్రం బాగానే ఉన్నదని అనుకోవచ్చు. లేదా నోడు డౌన్ అయినప్పుడు రన్నింగ్ అని ఎలా వస్తుంది, ఇది డాకర్ లోపం కాబోలు అని కొట్టివేయవచ్చు. రెండూ తప్పే. జాబితా అబద్ధం చెప్పడం లేదు. ఆ పని నడవడం మొదలైనదని కోదాడ 9 రోజుల కింద తెలియజేసింది. ఆ తరువాత అది ఆగిందన్న కబురు రాలేదు. కనుక పద్దులో చివరి మాట అదే.

‘9 రోజుల క్రితం’ అన్న గడువును కూడా జాగ్రత్తగా చదవాలి. అది ఆ స్థితి నమోదైన సమయం. నోడుతో చివరిసారి మాట్లాడిన సమయం కాదు. సంబంధం చక్కగా ఉన్న నోడు మీదా, మూడు గంటలుగా మౌనంగా ఉన్న నోడు మీదా ఈ గడువు ఒకే తీరుగా పెరుగుతూ పోతుంది. మౌనాన్ని పట్టుకోవాలంటే ‘డాకర్ నోడ్ ఎల్‌ఎస్’ ఆదేశంతో నోడుల జాబితాను చూడాలి. అక్కడ కోదాడ ఎదుట ‘డౌన్’ అని ఉంటుంది. పనుల జాబితాకు ముందు నోడుల జాబితాను చూడడం అలవాటు చేసుకోవాలని బోధనలో నొక్కి చెప్పవలసినది ఇందువల్లనే. మొదటి దానిలో ‘రెడీ’ అని లేని నోడు విషయంలో రెండవ దానిలోని ప్రస్తుత స్థితి గతకాలపు సమాచారం.

మిర్యాలగూడ వరి మిల్లులకు ధాన్యం లారీలు వరుస కట్టే రోజులలో కాంటా గదిలోని పుస్తకానికీ, ఆవరణలోని లారీకీ ఉండే సంబంధం ఇటువంటిదే. ‘దిగుమతి జరుగుతున్నది’ అని పుస్తకంలో రాసి ఉంటుంది. హమాలీలు బస్తాలు దించివేసి, ఖాళీ లారీ వెళ్ళిపోయి గంట అయినా, ఎవరైనా వచ్చి చెప్పేవరకు పుస్తకంలోని వాక్యం మారదు. పుస్తకం పనికిరానిదని ఎవరూ అనరు; ఆవరణలోకి వెళ్ళి చూడవలసిన సందర్భం ఏదో గుమాస్తాకు తెలిసి ఉంటే చాలు.

కోదాడలో ఆవరణ ఎలా ఉన్నది? అక్కడి కంటైనర్లు నిజంగానే నడుస్తున్నాయి. నిర్వాహకుడితో సంబంధం తెగినంత మాత్రాన నోడు తన చేతిలోని పనులను ఆపివేయదు. అక్కడి అధ్యాపకుడు తమ యంత్రం మీద ‘డాకర్ నోడ్ పీఎస్’ అడిగితే, సమూహానికి నాయకుడు లేడన్న సందేశం వస్తుంది. మూడింటిలో ఒంటరిగా మిగిలిన నిర్వాహకుడికి సమ్మతి కూడదు కాబట్టి. ‘డాకర్ పీఎస్’ అడిగితే మాత్రం రెండు కంటైనర్లూ నిక్షేపంగా కనబడతాయి. ఇక సూర్యాపేటలో కోరిన స్థితి జల్లెడను వాడి కోదాడ నోడును అడిగితే జాబితా ఖాళీగా వస్తుంది. నడుస్తున్నవాటిని చూపమంటే ఏమీ లేదనే సమాధానం, కంటైనర్లు నడుస్తూ ఉండగానే.

5. రెండు ‘పత్రాలు’

ముంగిలి విషయంలో ఈ ద్వంద్వత్వం వల్ల నష్టం లేదు. పుటలను చూపే ప్రతి ఒకటి ఎక్కువైనా చదువరికి తేడా ఉండదు. ‘పత్రాలు’ సంగతి అలా కాదు. దానికి ఒకే ప్రతి ఉండాలన్నది ఆజ్ఞ. కాని ఆ మూడు గంటలలో రెండు ఉన్నాయి. కోదాడ కళాశాల లోపలి నెట్‌వర్క్ నుండి సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించిన విద్యార్థి వివరాలు కోదాడ డిస్కులోని ప్రతిలో చేరతాయి. బయటివారందరి సమర్పణలు కొత్త ప్రతిలో చేరతాయి.

అంతకన్నా కష్టమైన విషయం మరొకటి ఉన్నది. కంటైనర్ దత్తాంశాన్ని నిలుపుకొనే ‘వాల్యూమ్’ సాధారణంగా ఆ యంత్రపు డిస్కులోనే ఉంటుంది. పనిని వేరే నోడు మీద పుట్టించినప్పుడు స్వార్మ్ వాల్యూమ్‌ను వెంట తీసుకుపోదు. మిర్యాలగూడలో అదే పేరుతో కొత్త, ఖాళీ వాల్యూమ్ ఏర్పడుతుంది. జాబితాలో ‘పత్రాలు.1’ మిర్యాలగూడ నోడు మీద, కోరిన స్థితి రన్నింగ్, ప్రస్తుత స్థితి రన్నింగ్, లోపం నిలువు ఖాళీ. అంతా సవ్యం. తెరిచి చూస్తే భాండాగారంలో ఒక్క గ్రంథమూ లేదు. పని నడుస్తున్నదనే జాబితా చెబుతుంది, ఏమి పని చేస్తున్నదో చెప్పదు.

సాయంత్రం కోదాడకు సంబంధం పునరుద్ధరించబడగానే అక్కడి నోడు నిర్వాహకుడి ఆజ్ఞను అందుకొని తన పాత పనులను ఆపివేస్తుంది. జాబితాలో వాటి ప్రస్తుత స్థితి షట్‌డౌన్‌గా మారుతుంది. కోరిన స్థితి, ప్రస్తుత స్థితి ఏకమవుతాయి. ఆ మూడు గంటల సమర్పణలు కోదాడ డిస్కులోని వాల్యూమ్‌లోనే ఉండిపోతాయి. రెండు ప్రతులను కలపడం స్వార్మ్ బాధ్యత కాదు. తెర మీద వైరుధ్యం తొలగిపోయిన క్షణానే, సమర్పణ తేదీకి సాక్ష్యంగా ఉన్న పద్దు కంటికి కనబడకుండా పోతుంది. గడువు ముగింపు రోజున ఇది ఒక విద్యార్థి పాలిట ఎంత అనర్థమో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ప్రసిద్ధమైన విరుగుడు నిర్బంధం. ‘పత్రాలు’ సేవ కోదాడ నోడు మీద మాత్రమే ఉండాలని నియమించవచ్చు. అప్పుడు కోదాడ మౌనం వహిస్తే కొత్త పని పుడుతుంది గాని, తగిన నోడు లేక ఎదురుచూపులోనే ఉంటుంది. భాండాగారం తాత్కాలికంగా మూతపడుతుంది. ఖాళీ భాండాగారం తెరుచుకొని ఉండడం కంటే ఇదే మేలు. కాని చదువరి గమనించవలసిన చిక్కు ఒకటున్నది. ఏ నోడుకూ కేటాయించబడని పని ఏ నోడు జాబితాలోనూ కనబడదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటినీ వరుసగా అడిగినా ఆ ఎదురుచూస్తున్న పని జాడ తెలియదు. దాన్ని చూడాలంటే సేవ వైపు నుండి రావాలి: ‘డాకర్ సర్వీస్ పీఎస్’ అని టైపు చేసి సేవ పేరు ఇవ్వాలి. అక్కడ, తగిన నోడు లేదన్న కారణంతో సహా అది కనబడుతుంది. నోడుల వారీగా లెక్క తీసి మొత్తం సరిపోయిందనుకోవడం, గ్రామాల వారీగా హాజరు తీసుకొని ఇంకా ఏ గ్రామానికీ చేరని వారిని మరిచిపోవడం వంటిది.

సమర్పణలను కాపాడే అసలు ఉపాయం వాల్యూమ్‌ను నోడుకు వెలుపల ఉంచడమో, దత్తాంశ నిధికే ప్రతిబింబ ఏర్పాటు చేయడమో. అవి ఈ వ్యాస పరిధికి మించినవి.

6. తిరిగి వచ్చిన నోడు

కోదాడ మళ్ళీ సమూహంలో చేరిన మరునాడు దాని జాబితా చూస్తే, ‘ముంగిలి’ పనులు ఆగిపోయినవే తప్ప నడుస్తున్నవి ఉండకపోవచ్చు. కొత్తగా నిర్వహణ చేపట్టినవారిని కలవరపెట్టే దృశ్యం ఇది. నోడు ‘రెడీ’, అందుబాటు ‘యాక్టివ్’, అయినా పని లేదు. కారణం సులభమే: స్వార్మ్ ఆజ్ఞలో ‘ముంగిలికి మూడు ప్రతులు’ అనే ఉన్నది, ‘ఊరికొకటి’ అని లేదు. మూడూ సూర్యాపేట, మిర్యాలగూడలలో నడుస్తున్నందున ఆజ్ఞ నెరవేరినట్లే. సవ్యంగా నడుస్తున్న పనిని ఆపి వేరే చోటికి మార్చడం స్వార్మ్ స్వభావం కాదు. సమంగా పంచాలనుకుంటే ‘డాకర్ సర్వీస్ అప్‌డేట్’ ఆదేశానికి ‘ఫోర్స్’ ఎంపికను చేర్చి ఆ సేవ పనులన్నిటినీ కొత్తగా పుట్టించాలి. మరమ్మతు కోసం నోడును ‘డ్రెయిన్’ స్థితిలో ఉంచి తిరిగి ‘యాక్టివ్’ చేసినప్పుడూ ఇదే జరుగుతుంది.

కోదాడ ఒక రోజు మొత్తం రాకుండా ఉండిపోతే మరొక స్థితి ఎదురవుతుంది. 24 గంటలు దాటిన తరువాత నిర్వాహకుడు ఆ నోడు మీది పనులను ‘ఆర్ఫన్డ్’గా, అంటే దిక్కులేనివిగా, ప్రకటిస్తాడు. ప్రస్తుత స్థితి నిలువులో ‘రన్నింగ్’ అన్న మాట అప్పటికి గాని తొలగదు. ఈ 24 గంటలూ జాబితా పట్టుదలగా పాత కబురునే వినిపిస్తుంది.

7. లోపం నిలువు

లోపం నిలువు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అది ఉన్నంతలో ముక్కుసూటి నిలువు. తరచుగా కనబడే వాటిలో ఒకటి, పని సున్నా కాని సంకేతంతో ముగిసిందని చెప్పి పక్కన 137 అనే సంఖ్యను చూపడం. 137 అంటే 128కి 9 కలిపినది; 9వ సంకేతం ప్రక్రియను బలవంతంగా చంపేది. జ్ఞాపకశక్తి చాలక కెర్నెలే చంపినప్పుడు సాధారణంగా ఇది వస్తుంది, అదొక్కటే కారణమని తీర్మానించలేము. అచ్చు దొరకనప్పుడు పని ‘రిజెక్టెడ్’ అవుతుంది. వాక్యం పొడవుగా ఉంటే జాబితా దాన్ని కత్తిరించి చివర చుక్కలు పెడుతుంది. పూర్తి పాఠం కోసం ‘నో ట్రంక్’ ఎంపికను వాడాలి. లోపం నిలువులో సగం వాక్యం చదివి కారణం నిర్ధారించడం, సగం తాళపత్రం చదివి పాఠనిర్ణయం చేయడం లాంటిది.

8. ‘ప్రస్తుత స్థితి’కి తెలుగు

ఇంతవరకు ఈ వ్యాసంలో ఆంగ్లపు నిలువుల పేర్లకు ‘కోరిన స్థితి’, ‘ప్రస్తుత స్థితి’ అనే మాటలు వాడడం జరిగింది. అనువదించేవారి చేతికి మొదట తగిలేవి ఇవే. మొదటి దానితో పేచీ లేదు. ‘ఉండవలసిన స్థితి’ అంటే ఇంకా స్పష్టం. రెండవది మాత్రం మూలంలో ఉన్న అస్పష్టతను తెలుగులో మరింత గట్టిపరుస్తుంది. ‘ప్రస్తుతం’ అన్న మాటకు తెలుగులో ఈ క్షణం, ఇప్పుడు అన్న అర్థమే ప్రబలం. ‘ప్రస్తుత స్థితి: నడుస్తున్నది’ అని చదివిన విద్యార్థి దాన్ని ఇప్పటి వాస్తవంగా గాక మరొక విధంగా గ్రహించడానికి వీలే లేదు.

నిజానికి ఈ నిలువు చెప్పే సంగతిని ఆంగ్లం కంటే తెలుగే సులభంగా చెప్పగలదు. విన్న మాటను, చూసిన మాటను వేరు చేయడానికి తెలుగులో ‘అట’ ఉన్నది. ‘వాన పడుతున్నది’ అన్నవాడు వానను చూస్తున్నాడు. ‘వాన పడుతున్నదట’ అన్నవాడు ఎవరో చెప్పగా విన్నాడు. రెండవ వాక్యం అబద్ధం కాదు, దాని ఆధారం వేరు. సూర్యాపేటలోని నిర్వాహక యంత్రం కోదాడ పని గురించి చెప్పేది ఎప్పుడూ ‘నడుస్తున్నదట’ అనే. ‘నడుస్తున్నది’ అనగలిగేది కోదాడ యంత్రంలోని ‘డాకర్ పీఎస్’ ఒక్కటే. శీర్షికలో ‘అట’ను పెట్టడం కుదరదు గనుక ‘తెలియవచ్చిన స్థితి’ అన్న సమాసాన్ని వాడవచ్చు. ‘నివేదిత స్థితి’ క్లుప్తమైనదే అయినా పాఠ్యపుస్తకపు వాసన వేస్తుంది, పైగా ఎవరు ఎవరికి నివేదించారన్నది చెప్పదు. ‘ఉండవలసిన స్థితి’, ‘తెలియవచ్చిన స్థితి’ అని రెండు నిలువులకు పేర్లు పెడితే, మూడవదైన ‘ఉన్న స్థితి’ ఈ పట్టికలో లేదన్న సంగతి పేర్లలోనే తెలిసిపోతుంది.

కుబర్నెటీస్‌లోనూ ఈ మూడింటి తగవు ఉన్నది. అక్కడ పనికి బదులు ‘పాడ్’. ఉండవలసినది ‘స్పెక్’ భాగంలో, తెలియవచ్చినది ‘స్టేటస్’ భాగంలో నమోదవుతాయి. ఒక నోడు మీది పాడ్‌లను చూడాలంటే ‘క్యూబ్ కంట్రోల్’ ఆదేశంతో పాడ్‌ల జాబితా అడిగి, నోడు పేరును బట్టి వడకట్టాలి. నోడు మౌనం వహిస్తే సాధారణ అమరికలో 5 నిమిషాలు వేచి, ఆ తరువాతనే దాని పాడ్‌లను తొలగించాలని నిర్ణయిస్తుంది. తొలగింపు నిర్ణయమైన పాడ్ ‘టెర్మినేటింగ్’ అని కనబడుతూ, నోడు తిరిగి వచ్చి నిజంగా ఆగిపోయిందని ఒప్పుకొనేవరకు జాబితాలో వేలాడుతుంది. ‘ముగుస్తున్నది’ అని దాన్ని అనువదించిన పాఠ్యాంశాన్ని చదివిన విద్యార్థి, ముగింపు ఎంతసేపటికీ ఎందుకు పూర్తి కావడం లేదని అడుగుతాడు. అతనికి చూపవలసినది పాడ్‌ను కాదు, నోడుల జాబితాలో ఆ నోడు ఎదుట ఉన్న ‘నాట్ రెడీ’ అన్న మాటను.